విధి అన్న మాట ఎవరు అనాలి?

ధూల్‌పేట్‌లో వినాయక చవితి భాద్రపదం దాకా ఆగదు. ఎండాకాలంలోనే సందుల్లో వెదురుబొంగులు, కొబ్బరిపీచు, ప్లాస్టర్ బస్తాలు దిగుతాయి. తరాల కిందట ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ లోధ్ కుటుంబాల్లో చాలామందికి చవితికి విగ్రహాలు, సంక్రాంతికి పతంగులు బతుకుదెరువు. తెలంగాణ జిల్లాల నుంచే కాక మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి కూడా బేరగాళ్లు వచ్చి విగ్రహాలు పట్టుకుపోతారు. ఇక్కడ రూపుదిద్దుకునే దేవుడు విఘ్నాలకు అధిపతి. విఘ్నాన్ని కలిగించేదీ, తొలగించేదీ ఆయనేనని పురాణాల మాట. అందుకే కాలేజీలో కొత్త భవనానికి రిబ్బను కత్తిరించినా, పిల్లల బస్సు విహారయాత్రకు బయల్దేరినా, ల్యాబులో కొత్త యంత్రం బిగించినా మొదటి కొబ్బరికాయ ఆయనకే కొడతారు.

కొబ్బరికాయ కొట్టాక మిగిలిన పని ఎవరిది? ఆ భవనంలో మంటలు లేచిన రోజు, ఆ బస్సు దిగిన పిల్లలు నదిలో కొట్టుకుపోయిన రోజు, ‘వాళ్ల రాత అంతే’ అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట నిజమా కాదా అని వేదాంతులు వేల ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ మాట అనే హక్కు ఎవరికి ఉంది?

ఈ ప్రశ్నకు ధూల్‌పేట్ పరిసరాల్లోనే పాత సాక్ష్యం దొరుకుతుంది. పేటకు దగ్గర్లోనే పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన వంతెన, చార్మినార్ కంటే వయసులో పెద్దది. దాని కింది మూసీ 1908 సెప్టెంబర్ 28న నగరాన్ని ముంచెత్తింది. దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, అంటే ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ రోజుల్లో నది ఒడ్డుకు వచ్చి, పండితులు చెప్పిన ప్రకారం పట్టుచీర, ముత్యాలు సమర్పించి, శాంతించమని మూసీ తల్లిని వేడుకున్నారని పాతబస్తీలో ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. అందులో చరిత్ర ఎంత, భక్తి ఎంత అన్నది అలా ఉంచుదాం. అదే ప్రభువు ఏలుబడిలో, 1909లో విశ్వేశ్వరయ్యను హైదరాబాద్‌కు పిలిపించారు. ఆయన సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నదికి మొక్కడానికీ నదిని అదుపు చేసే ఇంజినీరును పిలవడానికీ మధ్య ఆ రాజుకు ఏ పేచీ కనపడలేదు. దేవుణ్ణి నమ్మేవాళ్లు ముందుజాగ్రత్త పడరనీ, ముందుజాగ్రత్త పడేవాళ్లు దేవుణ్ణి నమ్మరనీ అనుకోవడం ఈ నగర చరిత్ర తెలియకపోవడమే.

ఆ వరదలోనే ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నారు. కుటుంబంలో ఆయన ఒక్కరే మిగిలారు. ఆ తర్వాత జీవితమంతా తాత్విక రుబాయీలు రాసి ఉర్దూ లోకంలో పేరు తెచ్చుకున్నారు. అంతటి కష్టం పడ్డ మనిషి ‘అంతా దైవేచ్ఛ’ అంటే చేతులు జోడించి వినాలి. పోయినవాళ్ల కోసం ఏడ్చేవాడికి ఆ మాట ఊతకర్ర. అదే మాట గట్టు కాపలాదారు నోట వస్తే? చెరువు నిండుతోందని తెలిసీ కింది ఊరికి కబురు పంపనివాడు, రెండో రోజు పరామర్శకు వచ్చి ‘విధి బలీయం’ అంటే? అక్షరాలు మారలేదు. అయినా మొదటిది ప్రార్థన, రెండోది దేవుడి మీద మోపిన నేరం.

మన మతాలు ఈ తేడాను స్పష్టంగానే చెప్పాయి, వినే తీరిక ఉంటే. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి సూటిగా అడుగుతాడు: దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా? భీష్ముడు, వసిష్ఠుడికి బ్రహ్మ చెప్పిన సమాధానం వినిపిస్తాడు. పురుషకారం పొలం, దైవం విత్తనం. పొలం లేనిచోట విత్తనం మొలవదు. అంపశయ్య మీద ప్రాణాలు బిగబట్టుకుని ఉన్న ముసలివాడు, యుద్ధంలో బంధువులందరినీ పోగొట్టుకున్న రాజుకు ఈ మాట చెప్పాడన్నది మరిచిపోకూడదు. విధి మీద తోసేసి ఊరుకోవడానికి అంతకంటే మంచి సమయం ఆ ఇద్దరికీ దొరకదు. అయినా భీష్ముడు ఆ పని చేయలేదు.

పాతబస్తీ మసీదుల్లో వినిపించే మరో కథ ఖలీఫా ఉమర్‌ది. క్రీస్తుశకం 639 ప్రాంతంలో ఆయన సిరియాకు వెళుతుండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని దారిలో తెలిసింది. వెనుదిరగాలని నిర్ణయించారు. సేనాధిపతి అబూ ఉబైదాకు అది నచ్చలేదు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని నిలదీశారు. ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపు వెళుతున్నామని ఉమర్ బదులిచ్చారు. ఒక పక్క పచ్చిక, ఒక పక్క బీడు ఉన్న లోయలోకి ఒంటెలు దిగితే కాపరి పచ్చిక వైపే తోలతాడు, ఏ వైపు తోలినా దైవాజ్ఞకు లోబడే ఉన్నట్టు కదా అని వివరించారు. అబూ ఉబైదా తర్వాత ఆ ప్లేగులోనే మరణించారు. ఆయన విశ్వాసాన్ని ఎవరూ శంకించలేరు. కానీ జనాన్ని నడిపించేవాడు తన ప్రాణం మీద చేసుకునే నిర్ణయం వేరు, తనను నమ్మి వెంట వచ్చినవాళ్ల ప్రాణాల మీద చేసే నిర్ణయం వేరు. కాలేజీ ప్రిన్సిపాల్, హాస్టల్ వార్డెన్, టూరు వెంట వెళ్లే అధ్యాపకుడు, వీళ్లందరూ రెండో కోవకు చెందినవారే.

2014 జూన్ 8 సాయంత్రం జరిగింది తెలుగువాళ్లకు ఇంకా పచ్చిపుండే. హైదరాబాద్ వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు హిమాచల్‌ప్రదేశ్ యాత్రలో మండీ జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలోకి దిగారు. బండరాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ కేంద్రం నుంచి నీళ్లు వదిలారు. నది క్షణాల్లో పెరిగింది. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న ఒక టూరు నిర్వాహకుడు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి వెతకాల్సి వచ్చింది. నది ఒడ్డున టెంట్ల దగ్గర కూర్చున్న తల్లిదండ్రుల ముఖాలు టీవీల్లో చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు.

ఆ తల్లిదండ్రుల్లో ఎవరైనా ‘మా రాత’ అని ఉంటే అది వారి దుఃఖం. హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు మాత్రం విధి అన్న సమాధానంతో సరిపెట్టుకోలేదు. కేసును తనంతట తానే విచారణకు తీసుకుంది. 2016లో ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ బాధ్యతను విద్యుత్ బోర్డుకూ, కళాశాలకూ, రాష్ట్ర ప్రభుత్వానికీ పంచింది. గేట్లు ఎత్తేవాడికి తెలుసు నీళ్లు వస్తున్నాయని. రాళ్ల మీద ఉన్నవాళ్లకు తెలియదు. ఈ ఇద్దరి మధ్య దూరాన్ని దాటాల్సింది ఒక్క కేక. ఆ కేక వినపడేలా చూడటం ఒక పక్క, కొత్త నది దగ్గర పిల్లల్ని దింపే ముందు అక్కడి మనుషుల్ని వాకబు చేయడం ఇంకో పక్క. రెండూ జరగలేదు. తెలిసినవాడు తెలియనివాడికి మాట బాకీ ఉంటాడు. అది తీర్చకుండా, పోయిన ప్రాణాన్ని దేవుడి ఖాతాలో రాయడం ధర్మం కాదు.

ఆపద రాకముందే చెప్పడం ఎలా ఉంటుందో భారతమే ఒక కథలో చూపించింది. వారణావతానికి బయల్దేరిన ధర్మరాజుకు విదురుడు గూఢభాషలో నిప్పు సంగతి సూచించాడు. అంతటితో ఊరుకోలేదు. సొరంగం తవ్వే మనిషిని పంపాడు. పాండవులు వేట పేరుతో తిరిగి చుట్టుపక్కల దారులన్నీ తెలుసుకున్నారు. ఎవరికీ కనపడకుండా సొరంగం ముఖద్వారానికి చెక్కలు కప్పారు. హెచ్చరిక, దారి, సాధన: మూడూ కుదిరాయి కాబట్టి లక్క ఇల్లు కాలిన రాత్రి తల్లీ బిడ్డలూ బయటపడ్డారు. ఏ కాలేజీ భద్రతా ప్రణాళికలోనైనా ఉండాల్సింది ఈ మూడే.

ఆ కథలో తెలుగువాళ్లు త్వరగా దాటేసే ఘట్టం ఇంకొకటి ఉంది. అదే రాత్రి కుంతి చేసిన సంతర్పణకు ఒక నిషాద స్త్రీ తన ఐదుగురు కొడుకులతో వచ్చింది. తిని, తాగి అక్కడే నిద్రపోయారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. తెల్లవారాక ఆరు కాలిన శరీరాలు చూసి ఊరు పాండవులే పోయారనుకుంది. పాండవులు బతకడానికి ఆ పొరపాటు పనికొచ్చింది కూడా. శతాబ్దాలుగా ఈ కథ వింటున్నవాళ్లు విదురుడి బుద్ధిని మెచ్చుకున్నంతగా ఆ ఆరుగురి గురించి ఆలోచించలేదు. ఆమెకు ఈ కథలో పేరు కూడా లేదు. హెచ్చరిక ఎవరిదాకా వెళ్లిందన్నది ఎప్పుడూ ధర్మప్రశ్నే.

ధూల్‌పేట్ చుట్టుపక్కల ఏ కాలేజీ గేటు దగ్గర నిలబడినా ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఇక్కడ ఇంట్లో ఒక హిందీ, బజార్లో దక్కనీ ఉర్దూ, బస్సులో తెలుగు, నోటీసు బోర్డు మీద ఇంగ్లీషు. వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషులో పెట్టిన ప్రకటన విద్యార్థి ప్రతినిధులకు చేరుతుంది. రాత్రి కాపలా వాచ్‌మన్‌కు, తెల్లవారుజామున గదులు ఊడ్చే ఆయాకు, క్యాంటీన్‌లో గ్యాస్ పొయ్యి దగ్గర ఉండే వంటమనిషికి, ఫోను లేని మొదటి సంవత్సరం పిల్లకు, చెవులు వినపడని విద్యార్థికి చేరుతుందా? నిజానికి మంట మొదట కనపడేది వంటమనిషికే, గేటు తాళం ఉండేది వాచ్‌మన్ దగ్గరే. విదురుడి గూఢభాష శత్రువుకు అర్థం కాకూడదని. కాలేజీ సర్క్యులర్ సొంత మనుషులకే అర్థం కాకపోతే దాన్ని హెచ్చరిక అనలేం.

ఇక నిజం ఎంత చెప్పాలన్నది మరో చిక్కు. హాస్టల్లో పిల్లలకు వాంతులు మొదలైతే మొదట గేటు మూసి, ‘అంతా అదుపులో ఉంది’ అని ఫోన్లలో చెప్పే అలవాటు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. తల్లిదండ్రులు కంగారు పడతారని దానికి సమర్థన. కురుక్షేత్రంలో ద్రోణుడికి ధర్మరాజు చెప్పింది కూడా అబద్ధం కాదు. అశ్వత్థామ చనిపోయాడన్నది పెద్దగా, ఏనుగు అన్నది మెల్లగా. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తులో నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలకు తగిలిందని కథ. ఊరట కలిగించే ముక్క గట్టిగా, భయపెట్టే ముక్క మెల్లగా చెప్పే ప్రతి ప్రకటనా ఆ రథాన్ని దింపుతుంది. ఒకసారి దిగాక, రెండోసారి నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. ఆపద వేళ అబద్ధం చేసే అసలు నష్టం అక్కడుంది.

అమెరికాలో దీనికి పెద్ద మూల్యమే చెల్లించారు. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ఉదయం 7 గంటల 15 నిమిషాల ప్రాంతంలో హాస్టల్లో మొదటి కాల్పులు జరిగాయి. విద్యార్థులకు మొదటి ఈమెయిల్ 9 గంటల 26 నిమిషాలకు వెళ్లింది. కొద్ది నిమిషాల్లోనే నోరిస్ హాల్లో రెండో దాడి. మొత్తం 32 మంది బలయ్యారు. తరగతి గదిలో ఉండగా చనిపోయినవారిలో జలశాస్త్ర ఆచార్యుడు జి.వి. లోగనాథన్ ఒకరు. ఆయనది తమిళనాడు. రెండు గంటలు ఎందుకు ఆగారన్న ప్రశ్న ఆ విశ్వవిద్యాలయాన్ని ఏళ్ల తరబడి వెంటాడింది. అదే ఏడాది డిసెంబర్ 13 రాత్రి లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆవరణలోని అపార్ట్‌మెంట్లో ఇద్దరు తెలుగు పరిశోధక విద్యార్థులను కాల్చి చంపారు. అత్యవసర సందేశాలు పంపే ఏర్పాటు అప్పటికి ఆ విశ్వవిద్యాలయంలో ఉంది. కానీ పేరు నమోదు చేసుకున్న వారందరికీ ఆ రాత్రి సందేశం అందలేదు. యంత్రం కొనడం వేరు, అది పనిచేస్తుందని తరచూ పరీక్షించి చూసుకోవడం వేరు.

మన దగ్గర కాగితాలకు కొదవ లేదు. విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. బియాస్ దుర్ఘటన జరిగిన మరుసటి ఏడాది యూజీసీ విద్యార్థుల భద్రతపై మార్గదర్శకాలు విడుదల చేసింది. 108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది హైదరాబాద్‌లోనే. జపమాలలో పూసలెన్నో తెలిసిన ప్రతి ఒక్కరికీ గుర్తుండిపోయే అంకె అది. కొరత సాధనలో ఉంది.

సాధన విలువ మతాలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సంధ్యావందనమైనా నమాజైనా అవసరం పడినప్పుడు చేసే పని కాదు. రోజూ అదే వేళకు, అదే క్రమంలో చేయగా చేయగా, మనసు చెదిరిన రోజున కూడా ఒళ్లు దానంతటదే ఆ క్రమంలోకి వెళ్లిపోతుంది. అగ్నిప్రమాద కసరత్తు వెనక ఉన్న సూత్రమూ సరిగ్గా అదే. పొగ కమ్మిన మెట్ల మీద ఎవరూ ఆలోచించి అడుగు వేయలేరు. కాళ్లకు ముందే దారి తెలిసి ఉండాలి.

పైగా ఈ నగరానికి భారీ ఏర్పాట్లు చేతకాక కాదు. బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా నిమజ్జన శోభాయాత్ర జరిగే రోజు చూడండి. ఏ వీధి ఎప్పుడు మూయాలి, ఏ క్రేన్ ఎక్కడ నిలబడాలి, అంబులెన్స్ ఏ సందులోంచి రావాలి, తప్పిపోయిన పిల్లల్ని ఎక్కడ అప్పగించాలి, అన్నీ వారాల ముందే రాసుకుంటారు. మొహర్రం రోజు దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వైపు కదిలే బీబీ కా ఆలం ఊరేగింపుకూ అంతే. దేవుడి పేరుతో లక్షల మందిని క్షేమంగా నడిపించగల ఊరికి మూడంతస్తుల కాలేజీలోని ఎనిమిది వందల మందిని పది నిమిషాల్లో బయటికి తేవడం కష్టం కాదు. అది కూడా భక్తితో చేయాల్సిన పనే అన్న ఎరుక మాత్రం ఇంకా రాలేదు.

అది రావాల్సిన అవసరం ఎంత ఉందో పక్క వీధులు చెబుతాయి. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో రసాయనాల డ్రమ్ములు దాచిన భవనానికి నిప్పంటుకుని 9 మంది చనిపోయారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. లోపలికి వెళ్లే దారి ఇరుకు. కింద దుకాణాలు, పైన తరగతి గదులు, మధ్యలో ఒకే మెట్ల వరుస ఉన్న భవనాల్లో నడిచే జూనియర్ కాలేజీలు ఈ నగరంలో ఇప్పటికీ ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల నుంచి వదిలిన నీటితో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి చొరబడింది. ప్రయాణికులను బయటికి తరలించాల్సి వచ్చింది. 1908 నాటి నది ఎక్కడికీ పోలేదు. దాని దక్షిణపు ఒడ్డున, హైకోర్టు పక్కన, 1921 నాటి సిటీ కాలేజీలో ఇవాళ కూడా వందల మంది పిల్లలు చదువుకుంటున్నారు. పురానాపూల్ మీదుగా రోజూ ఎందరో పిల్లలు చదువులకు వెళ్లివస్తుంటారు.

వాళ్ల అమ్మానాన్నల్లో చాలామంది కాలేజీ గడప తొక్కనివాళ్లు. కాలేజీ వాళ్లను ప్రశ్నించడానికి జంకుతారు. వాళ్ల తరఫున అడగాల్సింది చదువుకున్న మనమే. జూన్‌లో అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు ఫీజు, ర్యాంకు అడిగాక ఇంకో నాలుగు మాటలు అడగండి. రెండో మెట్ల దారి చూపించండి. దాని తాళం ఎవరి దగ్గర ఉంది? పోయిన ఏడాది కసరత్తు ఏ తేదీన చేశారు, వాచ్‌మన్, వంటమనిషి అందులో ఉన్నారా? ఆపద వస్తే మా ఇంటికి మా భాషలో ఫోను చేసేది ఎవరు? జవాబు రాకపోతే అక్కడ పిల్లను చేర్పించకండి, వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.